గాలిని తూర్పారబట్టడం

సంక్రాంతి ముందు రోజుల్లో మా వైపు కళ్లాలు నిండుగా ఉండేవి. ఇప్పుడు కోత యంత్రాలు పొలంలోనే గింజనీ గడ్డినీ వేరుచేసి పోతున్నాయి గానీ, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నడివయసు దాటినవాళ్లెవరికైనా ఆ దృశ్యం కళ్లకు కట్టినట్టే ఉంటుంది. పీట మీద ఒక మనిషి నిలబడి, తలకన్నా ఎత్తుకు చేట లేపి, అంచు కొద్దిగా వంచి, నూర్చిన ధాన్యాన్ని సన్నటి ధారగా వదిలేవాడు. గట్టి గింజ అతని కాళ్ల దగ్గరే రాలేది. తాలు మూరెడు అవతల పడేది. పొట్టు, దుమ్ము ఎగిరి కళ్లం చివరకు పోయేవి. ఆ మూడు రాశులనూ వేరుచేసింది ఒకే గాలి. గాలి పడిపోయిందంటే చేట దించేసి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, చెట్ల కొసల వైపు చూస్తూ నిలబడటమే.

గాలితో ధాన్యాన్ని తూర్పారబట్టడం మనకు తెలుసు. గాలినే తూర్పారబట్టవలసి వస్తే ఏం చేయాలి? గాలిలో ఏ గింజ ఎంత బరువుందో, ఎంత వేగంతో, ఏ దిక్కు నుంచి వచ్చిందో ఒక్కొక్కటిగా ఏరి లెక్కపెట్టాలంటే ఎలాంటి చేట కావాలి? సూర్యుడి నుంచి రాత్రీ పగలూ ఆగకుండా వీచే గాలి విషయంలో శాస్త్రజ్ఞులకు ఎదురైన ప్రశ్న ఇదే. దానికి జవాబుగా తయారైన చేట ఒకటి మన రాష్ట్రం తీరం నుంచే బయలుదేరి, ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల పనిచేస్తోంది.

ముందు ఆ గాలి సంగతి. సూర్యుడి చుట్టూ కరోనా అనే పలుచని పొర ఉంది. సంపూర్ణ గ్రహణం నాడు చంద్రబింబం చుట్టూ తెల్లటి జడలు విరబోసుకున్నట్టు కనిపించేది అదే. దాని వేడి 10 లక్షల డిగ్రీలు దాటి ఉంటుంది. అంత వేడిలో పరమాణువు పరమాణువుగా నిలవదు. ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి, మిగిలిన కేంద్రకాలు విడిగా తిరుగుతాయి. ఇలా విద్యుదావేశాలుగా విడిపోయిన వాయువును ప్లాస్మా అంటాం. ఆ వేడి మీద ఉన్న ప్లాస్మాను సూర్యుడి ఆకర్షణ పూర్తిగా పట్టి ఉంచలేదు. అన్ని వైపులకూ పారుతూనే ఉంటుంది. సెకనుకు సుమారు 10 లక్షల టన్నుల చొప్పున సూర్యుడు ఇలా తరిగిపోతున్నాడు. ఆయన ఒడ్డూ పొడుగూ ముందు అది లెక్కలోకి రాదు. ఈ ప్రవాహానికే సౌరపవనం అని పేరు.

గాలి అనగానే మన జిల్లాలవాళ్లకు తుఫాను గుర్తుకు రాకుండా ఉండదు. 2018 అక్టోబరు 11న ఇంకా తెల్లవారకముందే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. తెల్లారి చూస్తే ఉద్దానంలో కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి మోడులై ఉన్నాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచి పడున్నాయి. ఒక తరం పెంచిన తోటలు ఒక్క పూటలో పోయాయి. ఇక సౌరపవనం వేగం మామూలు రోజుల్లో సెకనుకు 400 కిలోమీటర్లు, అంటే గంటకు 14 లక్షల కిలోమీటర్ల పైమాటే. తిత్లీ కన్నా దాదాపు 10 వేల రెట్లు ఎక్కువ.

అయినా ఆ గాలి ఒక జీడాకును కూడా కదిలించలేదు. కారణం అందులో గింజలు దాదాపు లేకపోవడమే. మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు, అంటే చిన్న పాచిక అంత చోటులో, రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. భూమి పరిసరాల్లో సౌరపవనంలో అదే చోటులో ఉండేది అయిదో, పదో ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు, వాటికి జోడుగా అన్నే ఎలక్ట్రాన్లు. భూమ్మీద మనం ఎంతో కష్టపడి గాలి తోడేసి చేసే శూన్యం కన్నా అది శూన్యం. లెక్క వేసి చూస్తే తిత్లీ గాలి కొబ్బరి మట్టను తోసిన తోపుడు సౌరపవనం తోపుడు కన్నా దాదాపు లక్ష కోట్ల రెట్లు ఎక్కువ. కళింగపట్నం వాతావరణ కేంద్రంలో గిన్నెలు గిర్రున తిరిగి గాలి వేగం చెప్పినట్టు, సౌరపవనంలో గిన్నెలు పెడితే అవి యుగాలు గడిచినా కదలవు.

ఈ గాలిని పట్టడానికి రెండు ఆధారాలున్నాయి. అందులోని ప్రతి కణానికీ విద్యుదావేశం ఉంది కాబట్టి విద్యుత్తుతో, అయస్కాంతంతో దాన్ని దారి మళ్లించవచ్చు. రెండోది, చోటులో తక్కువున్నా వేగం వల్ల వచ్చిపడే కణాలు తక్కువేమీ కావు. ఒక చదరపు సెంటీమీటరు, అంటే మన బొటనవేలి గోరంత మేర, సూర్యుడికి ఎదురుగా పెడితే సెకనుకు దాదాపు 20 కోట్ల ప్రోటాన్లు దాన్ని తాకుతాయి. లెక్కపెట్టేవాడికి ఇది బంగారు పంట.

ఇంత మెత్తటి గాలి ఉందని ముందు ఎలా పసిగట్టారు? తోకచుక్కలు చెప్పాయి. తోకచుక్క సూర్యుడి వైపు వస్తున్నా, వెనుదిరిగి పోతున్నా దాని వాయువు తోక మాత్రం సూర్యుడికి అవతలి వైపే ఉంటుంది. పడవ ఎటు పోతున్నా తెరచాప మీది గుడ్డపేలిక గాలివాలునే ఎగిరినట్టు. జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ బీర్మన్ 1950ల మొదట్లో, ఇది కేవలం వెలుతురు తోపుడు కాదనీ, సూర్యుడి నుంచి కణాలేవో ఎడతెగకుండా వస్తున్నాయనీ వాదించాడు. 1958లో అమెరికాలో యూజీన్ పార్కర్ అనే ముప్పై ఏళ్ల యువకుడు, కరోనా అంత వేడిగా ఉంటే అది ధ్వనివేగాన్ని మించి బయటికి ప్రవహించక తప్పదని గణితంతో చూపించాడు. అతను ఆ లెక్కను పంపిన శాస్త్ర పత్రిక తరఫున వ్యాసాన్ని పరిశీలించిన ఇద్దరు పెద్దలు ఇది అచ్చుకు పనికిరాదన్నారు. ఆ పత్రికకు అప్పుడు సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకూ ఆ ఊహ నచ్చలేదు. కానీ లెక్కలో తప్పు ఎవరూ చూపలేకపోయారు కాబట్టి అచ్చువేశాడు. నాకు చంద్రశేఖర్ జీవితంలో ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది. తన నమ్మకాన్ని పక్కనపెట్టి ఎదుటివాడి లెక్కకు తలవంచడం అందరివల్లా అయ్యే పని కాదు.

మరుసటి ఏడాదే సోవియట్ లూనా నౌకల్లో అమర్చిన అయాన్ ఉచ్చులకు ఆ గాలి తగిలింది. 1962లో శుక్రగ్రహం వైపు వెళ్లిన మారినర్-2 దారి పొడుగునా దాన్ని కొలిచింది. నాలుగు నెలల ప్రయాణంలో గాలి ఒక్కరోజు కూడా ఆగలేదు. కళ్లంలో చేట దించి ఎదురుచూడవలసిన అవసరం ఆకాశంలో లేదన్నమాట.

కొలతలన్నిటిలోకీ సాదాసీదా కొలత 1969లో చంద్రుడి మీద జరిగింది. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌లు అక్కడ ఒక కర్ర పాతి, దానికి అల్యూమినియం రేకును తువ్వాలు ఆరేసినట్టు వేలాడదీశారు. రేకు పొడవు మీటరున్నర లోపు, వెడల్పు ముప్పై సెంటీమీటర్లు. ఆలోచన స్విట్జర్లాండ్‌కు చెందిన యోహానెస్ గైస్ బృందానిది. చంద్రుడికి గాలిపొర లేదు, భూమికి ఉన్నట్టు అయస్కాంత కవచం లేదు. సౌరపవనం నేరుగా వచ్చి రేకులో గుచ్చుకుంటుంది. 77 నిమిషాలు ఆరబెట్టి, రేకును చాపలా చుట్టి, సంచిలో పెట్టి భూమికి తెచ్చారు. ప్రయోగశాలలో దాన్ని కరిగిస్తే లోపల దిగబడిన హీలియం, నియాన్ బయటికొచ్చాయి. సూర్యుడి సరుకును మనిషి చేత్తో పట్టుకొచ్చిన మొదటి సందర్భం అది.

రేకుతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే అది మొత్తం మీద ఎంత పడిందో చెబుతుంది గానీ, ఏ నిమిషంలో ఏం జరిగిందో చెప్పదు. అందుకు అక్కడే ఉండి లెక్కలు పంపే పరికరం కావాలి. అదీ భూమి అయస్కాంత క్షేత్రానికి బయట ఉండాలి. సూర్యుడి వైపు దాదాపు 65 వేల కిలోమీటర్ల దాకా ఆ క్షేత్రం గొడుగు పట్టినట్టు సౌరపవనాన్ని పక్కలకు మళ్లిస్తుంది. మన దేశం ఈ గాలి జోలికి మొదట వెళ్లింది చంద్రయాన్-1తో. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆ నౌకలో సారా అనే పరికరం ఉంది. స్వీడన్, జపాన్, స్విట్జర్లాండ్‌లతో కలిసి తిరువనంతపురంలోని అంతరిక్ష భౌతిక ప్రయోగశాల చేసింది. చంద్రుడి దుమ్ము మీద పడిన ప్రోటాన్లన్నీ అందులోనే ఇంకిపోతాయని అప్పటిదాకా అనుకునేవారు. వాటిలో అయిదోవంతు దాకా హైడ్రోజన్ పరమాణువులుగా మారి ఎగిరి వెనక్కి వస్తున్నాయని సారా కనిపెట్టింది.

అసలు చేట మాత్రం ఆదిత్య-ఎల్1. 2023 సెప్టెంబరు 2న ఉదయం 11 గంటల 50 నిమిషాలకు పీఎస్‌ఎల్‌వీ-సీ57 రాకెట్ దాన్ని శ్రీహరికోట నుంచి తీసుకెళ్లింది. 2024 జనవరి 6న అది ఎల్1 అనే చోటు చుట్టూ కక్ష్యలోకి చేరింది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరంలో నూరో వంతు, భూమికి సూర్యుడి వైపున ఉన్న చోటు అది. అక్కడ ఇద్దరి ఆకర్షణా సర్దుకుని, నౌక భూమితో పాటే ఏడాదికొక చుట్టు సూర్యుణ్ని చుట్టగలుగుతుంది. ఆ చోటు చుట్టూ ఒక్కో ప్రదక్షిణకు 178 రోజులు పడుతుంది. అక్కడ గ్రహణం ఉండదు, రాత్రి ఉండదు, భూమి గొడుగు నీడ కూడా ఉండదు. మనకు తగలబోయే గాలి ముందుగా దానికి తగులుతుంది.

అందులోని ఏడు పరికరాల్లో గాలిని కొలిచేవి మూడు. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల చేసిన ఆస్పెక్స్, తిరువనంతపురం వాళ్లు చేసిన పాపా, బెంగళూరులో తయారైన మాగ్నెటోమీటరు. మిగిలినవి సూర్యుణ్ని చూసే కళ్లు. ఈ మూడూ ఒంటికి తగిలే గాలిని పసిగట్టే చర్మం లాంటివి. వీటిలో ఆస్పెక్స్‌లోని స్విస్ అనే భాగాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. చేట అని నేనంటున్నది ప్రధానంగా దాన్నే.

రెండు గిన్నెలు ఊహించుకోండి. చిన్నదాన్ని బోర్లించి, దానిమీద కొంచెం పెద్దదాన్ని బోర్లించారు. మధ్యలో కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ. పైగిన్నె నడినెత్తిన గుండ్రంగా కోసి, ఆ కంత మీద కొంచెం ఎత్తులో ఒక మూత నిలబెట్టారు. చూడటానికి టోపీలా ఉంటుంది, ఈ తరహా పరికరానికి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరూ అదే. మూతకూ గిన్నెకూ మధ్య సందులోంచి చుట్టూ 360 డిగ్రీల నుంచి కణాలు లోపలికి రావచ్చు. లోపలి గిన్నెకు రుణ విద్యుత్తు ఇస్తారు. లోపలికొచ్చిన ప్రోటాన్ ధనావేశం గలది కాబట్టి గిన్నె వైపు లాక్కోబడి వంపు తిరుగుతుంది. వేగం మరీ ఎక్కువైతే చాలినంత వంగలేక బయటి గోడకు కొట్టుకుంటుంది. తక్కువైతే ఎక్కువ వంగి లోపలి గోడకు అంటుకుపోతుంది. ఆ వోల్టేజీకి సరిగ్గా సరిపడే శక్తి ఉన్నది మాత్రం రెండు గిన్నెల మధ్య ఒంపుగా జారి అంచు దగ్గర బయటికి దిగుతుంది. అంచులో ఏ చోట దిగిందో చూస్తే ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

ఇక ఆ వోల్టేజీని మెట్లు మెట్లుగా మారుస్తూ పోతారు. మెట్లు అన్న మాట ఇక్కడ కావాలనే వాడాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేస్తారు. వీణ దండి మీద 24 మెట్లుంటాయి. ఒక మెట్టు దగ్గర వేలు పెట్టి మీటితే ఒక స్వరమే పలుకుతుంది. పరికరంలో ఒక వోల్టేజీ దగ్గర ఆగితే ఒక శక్తి ఉన్న కణాలే పలుకుతాయి. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా వేలు జరుపుకుంటూ పోయి, ఏ మెట్టు దగ్గర ఎంత గట్టిగా పలికిందో రాసుకుంటే గాలి స్వరూపమంతా కాగితం మీదికి వస్తుంది. మళ్లీ మొదటి మెట్టుకు వెళ్లి ఇంకోసారి. ఇలా ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

ఆ కాగితం మీద గీత ఎలా ఉంటుంది? గాలి సెకనుకు 400 కిలోమీటర్లతో వీస్తున్న రోజున సుమారు 835 వోల్టుల దగ్గర ప్రోటాన్ల గీత గుట్టలా లేస్తుంది. తర్వాత పడిపోయి, దానికి రెట్టింపు, 1,670 దగ్గర మళ్లీ చిన్న గుట్టగా లేస్తుంది. ఈ రెండో గుట్ట ఎవరిది? హీలియంది. గాలిలో ప్రోటాన్లూ హీలియం కేంద్రకాలూ ఒకే వేగంతో కలిసి వస్తాయి, ఒకే బండెక్కిన బరువైనవాడూ తేలికవాడూ లాగా. హీలియం బరువు నాలుగు రెట్లు కాబట్టి దాని శక్తీ నాలుగు రెట్లు. దాని ఆవేశం రెండు రెట్లు కాబట్టి విద్యుత్తు దాన్ని రెండింతల బలంతో లాగుతుంది. నాలుగును రెండుతో భాగిస్తే రెండు. అందుకే గుట్ట రెట్టింపు దూరంలో నిలుస్తుంది. నాకు ఈ చిన్న భాగహారం ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. కళ్లంలో గింజ కాళ్ల దగ్గర, తాలు మూరెడు అవతల పడినట్టు, ఇక్కడ హైడ్రోజన్ ఒక చోట, హీలియం ఒక చోట రాశులు పోసుకున్నాయి.

గీత ఇంకా చాలా చెబుతుంది. గుట్ట ఎక్కడ ఉందో చూస్తే వేగం, ఎంత పెద్దదో చూస్తే గాలి చిక్కదనం. ఎంత వెడల్పుగా పరుచుకుందో చూస్తే ఉష్ణోగ్రత, ఎందుకంటే వేడి ఎక్కువైన కొద్దీ కణాల వేగాల్లో ఎగుడుదిగుళ్లు పెరుగుతాయి. థర్మామీటరు పెట్టడానికి వీల్లేని చోట వేడి కొలవడం ఇలాగే.

ఒక చిక్కు మాత్రం ఉంది. తోటివాటిని మించి పరిగెత్తే ప్రోటాన్ ఒకటి రెట్టింపు శక్తితో వచ్చి హీలియం గుట్టలో కలిసిపోతే? విద్యుత్తు ఒక్కటే దాన్ని గుర్తుపట్టలేదు. అందుకే స్విస్‌లోని రెండు పరికరాల్లో ఒకదానిలో శాశ్వత అయస్కాంతాలు కూడా పెట్టారు. ఒకే మెట్టు మీద దిగిన ప్రోటాన్ అయస్కాంతం ముందు ఎక్కువ వంగుతుంది, హీలియం తక్కువ వంగుతుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు మిల్లులో గుళ్లు, బద్దలు, నూక వేరు చేశాక, గుళ్లను ఆడవాళ్లు మళ్లీ పరిమాణం బట్టి ఏరతారు. 240 రకం అంటే పౌనుకు ఇంచుమించు 240 గుళ్లు, 320 రకం అంటే ఇంకా సన్నవి. ఒక్క జల్లెడతో సరిపోని చోట రెండో చెయ్యి వేసే ఆ ఆడవాళ్ల పనే అయస్కాంతం ఇక్కడ చేస్తోంది.

చివరకు మిగిలిన ఒక్క కణాన్ని లెక్కపెట్టడం ఎలా? ఒక ప్రోటాన్ మోసే విద్యుత్తు ఏ మీటరుకూ అందదు. దానికి లక్షల సన్నటి రంధ్రాలున్న గాజు పలక ఉంది. రంధ్రం వెంట్రుక కన్నా సన్నం. కణం రంధ్రం గోడను తాకితే ఒకటి రెండు ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి. రంధ్రం పొడుగునా ఉన్న వోల్టేజీ వాటిని లాగుతుంది, అవి అవతలి గోడను తాకి మరికొన్నిటిని ఊడదీస్తాయి. ఇలా అడుగుకు చేరేసరికి ఒకటి లక్షలవుతుంది. అప్పుడొక చిన్న విద్యుత్ స్పందన, ఒక లెక్క.

స్విస్‌లోని రెండో పరికరం మొదటిదానికి లంబంగా ఉన్న తలంలో చూస్తుంది కాబట్టి రెండు తలాల్లో వచ్చే గాలినీ పట్టవచ్చు. ఆస్పెక్స్‌లోని స్టెప్స్ అనే మరో భాగం ఇంకా ఎక్కువ శక్తి గల కణాలను లెక్కపెడుతుంది. అది ప్రయాణం మొదట్లోనే, 2023 సెప్టెంబరు 10న పని ప్రారంభించింది. స్విస్‌కు నవంబరు 2న ప్రాణం పోశారు. డిసెంబరులో ఇస్రో దాని తొలి ఫలితాలను బయటపెట్టింది. ఆ గీతలో ప్రోటాన్ల గుట్ట, హీలియం గుట్ట రెండూ ఉన్నాయి. పాపా మాత్రం అయాన్లతో పాటు ఎలక్ట్రాన్లను కూడా చూస్తుంది.

హీలియం పేరు వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన గడ్డ మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జూల్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశారు. సూర్యబింబం అంచున లేచే జ్వాలల వెలుగును పట్టకంతో విడదీసి చూసినవాళ్లకు అందులో ఒక పసుపు గీత కనిపించింది. అది సోడియందేమో అనుకున్నవాళ్లున్నారు. అదే ఏడాది ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఆ గీతను నిదానంగా కొలిచి, భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చాడు. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా హీలియం అన్న పేరు పుట్టింది. భూమ్మీద అది దొరకడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది. తెలుగునేల మీద గ్రహణం నాడు మినుకుమన్న ఆ పదార్థాన్నే, తెలుగునేల నుంచి వెళ్లిన నౌక ఇప్పుడు గింజ గింజగా లెక్కపెడుతోంది.

మన ఉత్తర కోస్తాకు కూడా ఆ కాలపు ఆకాశంతో చుట్టరికం ఉంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని నిలబెట్టాడు. 1874లో శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా నడిచినప్పుడు ఆయన తన దూరదర్శినితో చూసి రాసిపెట్టాడు. ప్రభుత్వం చేయించిన పని కాదు, జీతానికి చేసిన పని కాదు. ఇలాంటి మనుషుల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో లేకపోవడం నన్ను బాధిస్తుంది.

మళ్లీ నౌక దగ్గరికి. గాలి ఒంటరిగా రాదు, సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కూడా వెంట ఈడ్చుకొస్తుంది. అది ఎంత బలహీనమంటే, మన ప్రాంతంలో దిక్సూచి ముల్లును తిప్పే భూమి క్షేత్రం 40 వేల నానోటెస్లాలు దాటి ఉంటే, సౌరపవనంలోది మామూలు రోజున అయిదారు. నౌకలోని తీగల్లో పారే కరెంటే అంతకన్నా ఎక్కువ అయస్కాంతం పుట్టించగలదు. అందుకే మాగ్నెటోమీటరును నౌకకు దూరంగా, 6 మీటర్ల చేతికి తగిలించారు. ఒక సెన్సరు చేతి చివర, ఇంకొకటి సగం దూరంలో 3 మీటర్ల దగ్గర. రెండూ చెప్పే తేడాను బట్టి నౌక కలిపిన కల్తీ ఎంతో తెలుసుకుని తీసేయవచ్చు. 132 రోజులు మడిచి ఉంచిన ఆ చేతిని 2024 జనవరి 11న విప్పారు. స్ప్రింగుల బలంతో అది సుమారు 9 సెకన్లలో చాచుకుంది.

ఈ కొలత మీద మన బాగోగులు ఎంతో ఆధారపడి ఉన్నాయి. గాలితో వచ్చే క్షేత్రం ఉత్తరం వైపు చూస్తుంటే భూమి గొడుగు గట్టిగా నిలుస్తుంది. దక్షిణం వైపు తిరిగిందా, భూమి క్షేత్రంతో ముడిపడి గొడుగు బట్ట చిరిగినట్టు దారి ఇస్తుంది. వేగం ఎంతున్నా ఈ దిక్కే అసలు సంగతి తేలుస్తుంది. దాన్ని దూరం నుంచి కెమెరాతో చూసి కచ్చితంగా చెప్పే ఉపాయం ఇంతవరకు లేదు. అక్కడ ఉండి, తగిలించుకుని కొలవవలసిందే.

1859 సెప్టెంబరు 1న ఇంగ్లండు ఖగోళ పరిశీలకుడు రిచర్డ్ కారింగ్టన్ సూర్యుడి మీద ఒక తెల్లటి మెరుపు చూశాడు. పదిహేడు, పద్దెనిమిది గంటల్లో, సెప్టెంబరు 2న, ఆ పేలుడు భూమిని తాకింది. బొంబాయి కొలాబా వేధశాలలో అయస్కాంత కొలత దాదాపు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. అప్పటికి ఆ దెబ్బ తిన్నవి టెలిగ్రాఫు తీగలే. అదే సెప్టెంబరు 2న, 164 ఏళ్ల తర్వాత ఆదిత్య ఎగిరింది. యాదృచ్ఛికమే కావచ్చు, నాకు మాత్రం ఆ తేదీ చూసినప్పుడల్లా మనసు నిండుతుంది.

2024 మే 10, 11 తేదీల్లో రెండు దశాబ్దాల్లోకెల్లా పెద్ద అయస్కాంత తుఫాను వచ్చింది. లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. భూమధ్యరేఖకు కాస్త అటూఇటూ ఉన్న కేంద్రాల్లో అయస్కాంత కొలతల సగటు 400 నానోటెస్లాల మేర పడిపోయింది. అంటే భూమి క్షేత్రంలో ఒక శాతం ఊగిసలాట. గాలి వేగం, వేడి ఒక్కసారిగా పెరగడం ఆస్పెక్స్ గీతల్లో కనిపించింది. ఇలాంటి తుఫానులు తెచ్చే, సూర్యుడి నుంచి విసిరిపడే ప్లాస్మా మేఘాల్లో హీలియం పాలు మామూలు కన్నా పెరుగుతుంది. మామూలు రోజుల్లో ప్రోటాన్లలో అయిదు శాతం లోపు ఉండేది పది దాటవచ్చు. కాబట్టి రెండో గుట్ట ఉన్నట్టుండి లావెక్కిందంటే, వచ్చింది రోజువారీ గాలి కాదని అర్థం.

ముందస్తు హెచ్చరికకు దొరికే సమయం ఎంత? 15 లక్షల కిలోమీటర్లను 400తో భాగించండి. గంటకు రెండు మూడు నిమిషాలు ఎక్కువ. గాలి 800తో వస్తే అరగంట. తిత్లీ గురించి మనకు రెండు మూడు రోజుల ముందు తెలిసింది. ఇక్కడ చేతిలో ఉన్నది ఒక్క గంట. ఉపగ్రహాల్లో సున్నితమైన భాగాలు ఆపుకోవడానికి, కరెంటు గ్రిడ్డులు జాగ్రత్తపడటానికి ఆ గంటే ఆధారం. భావనపాడు నుంచో చింతపల్లి నుంచో వేటకెళ్లిన పడవలో జీపీఎస్ పెట్టె ఉంటుంది. దానికి చేరే సంకేతం పైన విద్యుదావేశ కణాల పొరైన అయనావరణం గుండా దిగాలి. మన ప్రాంతం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఇక్కడి అయనావరణం మామూలు సాయంత్రాల్లోనే కుదురుగా ఉండదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు కాలం నుంచి తరాలుగా దాన్ని గమనిస్తూనే ఉన్నారు. అయస్కాంత తుఫాను దానికి తోడైతే జీపీఎస్ చూపించే చోటుకూ పడవ ఉన్న చోటుకూ తేడా వస్తుంది.

శ్రీకాకుళం పక్కనే అరసవల్లి. ఏటా మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు, మబ్బు పట్టకపోతే, పొద్దుటి కిరణాలు వాకిలి దాటి మండపం గుండా వచ్చి గర్భగుడిలో సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. తెల్లవారుజాము నుంచీ జనం వరుసల్లో నిలబడి ఉంటారు. కొద్ది నిమిషాలే ఆ వెలుగు. అది సూర్యుణ్ని వదిలి 8 నిమిషాల 20 సెకన్లయి ఉంటుంది. అదే క్షణాన సూర్యుడి నుంచి గాలి కూడా బయలుదేరింది, దాని నడక మాత్రం వేరు. సెకనుకు 400 కిలోమీటర్ల చొప్పున 15 కోట్ల కిలోమీటర్లు రావాలి. అక్టోబరు 2 ఉదయం ఆరుంపావు ప్రాంతంలో పాదాల మీద వెలుగు పడితే, ఆ గాలి భూమి దగ్గరికి చేరేది ఆరో తేదీ మధ్యాహ్నం రెండు దాటాక. అప్పటికి ఆలయంలో ఆ వరుసలు ఉండవు. దానికి గంట ముందు, ఒంటిగంట ప్రాంతంలో, ఆదిత్య గిన్నెల మధ్య ఒక వోల్టేజీ మెట్టు మారి, 835 దగ్గర గీత లేచి, 1,670 దగ్గర ఇంకోసారి లేస్తుంది.